వైరస్ మోసేది ముసలి దోమే

వానలు మొదలయ్యాయంటే మున్సిపాలిటీ పొగ బండి వీధుల్లోకి వస్తుంది. పేపర్లలో డెంగీ కేసుల లెక్కలు వస్తాయి. ఈ ఏడు దోమలు మరీ ఎక్కువయ్యాయని ఇంటింటా మాట వినపడుతుంది. చర్చంతా దోమల సంఖ్య చుట్టూనే తిరుగుతుంది. నూట పాతికేళ్ల పరిశోధన తేల్చింది మాత్రం ఇంకొకటి. ఊళ్లో ఎన్ని దోమలున్నాయన్నదాని కన్నా, వాటిలో ఎన్ని తగినన్ని రోజులు బతుకుతున్నాయన్నదే వైరస్ వేగాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ సంగతి అర్థమైతే నడి ఎండల్లో డెంగీ ఎందుకు సద్దుమణుగుతుందో, పొగ వల్ల ఎందుకు పెద్దగా ఫలితం ఉండదో, శాస్త్రవేత్తలు దోమల్లోకి ఒక బ్యాక్టీరియాను ఎందుకు ఎక్కిస్తున్నారో తెలిసిపోతుంది.

డెంగీ రోగి రక్తం తాగిన ఆడదోమ మర్నాడే ఇంకొకరిని కుట్టినా మామూలుగా ఆ మనిషికి డెంగీ రాదు. దోమ ఒకరి రక్తాన్ని లాగి మరొకరికి ఎక్కించే సిరంజి కాదు. తాగిన రక్తం దాని కడుపులోకి పోతుంది. అది అరిగిపోయేలోపు వైరస్ కడుపు గోడలోని కణాల్లోకి చొరబడాలి, అక్కడ పెరగాలి, ఆ గోడ దాటి ఒంట్లోని ద్రవంలోకి రావాలి, ఆ ద్రవంతో తిరుగుతూ లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. అక్కడ మళ్లీ పెరిగి చివరికి ఉమ్ములోకి దిగాలి. కుట్టేటప్పుడు దోమ మన చర్మంలోకి వదిలేది ఆ ఉమ్మునే. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలు అందులో ఉంటాయి, వైరస్ కూడా వాటితో పాటే వస్తుంది. ఈ దారిలో ఎక్కడైనా వైరస్ ఆగిపోవచ్చు. కొన్ని దోమల్లో కడుపు గోడ దగ్గరే ఆగిపోతుంది, కొన్నింట్లో గోడ దాటినా గ్రంథుల్లోకి వెళ్లలేదు. అన్నీ సవ్యంగా సాగితే డెంగీ వైరస్‌కు మన వాతావరణంలో 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఒకసారి ఉమ్ములోకి చేరిందా, ఆ దోమ చచ్చేదాకా వైరస్‌ను పంచుతూనే ఉంటుంది.

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై ఆడదోమ ల్యాబులోని బోనులో నెల రోజులు బతకగలదు. బయట దానికంత ఆయుష్షు ఉండదు. బల్లులు, సాలీళ్లు, ఎండ, మన చేతి దెబ్బ, వీటన్నిటి మధ్య చాలా దోమలు రెండు వారాలు కూడా గడపవు. పుట్టిన రెండు మూడు రోజులకు గాని అది మొదటిసారి రక్తం తాగదు. ఆ రక్తంలో వైరస్ ఉండాలి. ఆ తర్వాత ఇంకో పది రోజులు బతకాలి. అలా బతికి బట్టకట్టిన కొద్దిపాటి ముసలి దోమలే ఊళ్లో జ్వరాలను నడిపిస్తాయి.

ఈ గడువు సంగతి తెలియకపోవడం వల్ల వైద్యశాస్త్రం ఇరవై ఏళ్లు నష్టపోయింది. పచ్చజ్వరాన్ని (యెల్లో ఫీవర్) దోమే మోస్తుందని క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పారు. అది ఇదే ఏడిస్ ఈజిప్టై అని కూడా సరిగ్గా గుర్తించారు. రోగిని కుట్టిన దోమలతో వాలంటీర్లను కుట్టించి చూశారు. కానీ దోమ రోగి రక్తం తాగిన కొద్ది రోజులకే కుట్టించడంతో ప్రయోగాలు ఎవరినీ ఒప్పించలేకపోయాయి. 1898లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఆర్‌వుడ్, టేలర్ అనే చిన్న పల్లెల్లో హెన్రీ రోజ్ కార్టర్ అనే వైద్యాధికారి ఒక విషయం గమనించారు. విడివిడిగా విసిరేసినట్టున్న ఆ పొలం ఇళ్లలో మొదటి మనిషికి జ్వరం వచ్చిన కొత్తలో ఆ ఇంటికి వెళ్లినవాళ్లకు ఏమీ కాలేదు. రెండు వారాలు దాటాక వెళ్లినవాళ్లు మంచం పట్టారు. అప్పటికి మొదటి రోగి కోలుకున్నా, చనిపోయినా సరే. అంటే జబ్బు మనిషిలో కాదు, ఆ ఇంట్లోనే ఎక్కడో ముదురుతోంది. ఈ పరిశీలనే అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందానికి దారి చూపింది. 1900 ఆగస్టులో వాళ్లు పన్నెండు రోజుల కిందట రోగి రక్తం తాగిన దోమతో కుట్టించుకుని చూశారు. ఈసారి జ్వరం వచ్చింది. ఆ బృందంలోని జెస్సీ లజియర్ అదే సెప్టెంబరులో పచ్చజ్వరంతోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 34.

దోమలో రోజులు లెక్కపెట్టి చూసే ఈ అలవాటులో సికింద్రాబాద్‌కూ వాటా ఉంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి గూళ్లను చూశారు. నాలుగు రోజుల ముందు రోగిని కుట్టిన దోమ అది. మర్నాడు అదే విడతలో మిగిలిన దోమను కోస్తే గూళ్లు ఇంకా పెద్దవిగా కనిపించాయి. దోమలో క్రిమి ఊరికే ఉండడం లేదని, రోజు రోజుకూ పెరుగుతోందని ఆ ఒక్క రోజు తేడాతోనే తేలింది. మలేరియా క్రిమి వైరస్ కాదు, మోసే దోమ కూడా వేరు. అయినా సూత్రం ఒకటే. తర్వాత రాస్ ఈ వ్యాప్తికి లెక్కలు కట్టారు, 1950ల్లో బ్రిటిష్ మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ వాటిని ముందుకు తీసుకెళ్లారు.

ఆ లెక్కలో కిటుకు ఎక్కడుందో చిన్న ఉదాహరణతో చూడొచ్చు. రోజుకు వందలో 90 దోమలు బతుకుతున్నాయనుకుందాం. పన్నెండు రోజుల గడువు దాటేవి 28. అదే రోజుకు 80 మాత్రమే బతికితే గడువు దాటేవి 7. గడువు దాటాక కూడా రెండో రకం దోమలు ఎక్కువ రోజులు ఉండవు. రెండూ కలిపి చూస్తే దోమలు వైరస్‌ను పంచే మొత్తం రోజులు ఎనిమిది రెట్లకు పైగా తగ్గిపోతాయి. దోమల సంఖ్యను సగానికి తగ్గిస్తే ముప్పు సగమే తగ్గుతుంది. రోజుకు బతికేవాటిని వందలో 90 నుంచి 80కి తగ్గిస్తే ముప్పు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ తేడాను పాలకులు, జనం గుర్తించి ఉంటే మన ఊళ్లలో దోమల మీద పెట్టే ఖర్చు తీరే వేరుగా ఉండేది.

వేడి ఈ లెక్కను రెండు వైపుల నుంచీ లాగుతుంది. 1987లో బ్యాంకాక్ దోమలపై వచ్చిన ప్రయోగ ఫలితాల ప్రకారం డెంగీ వైరస్‌కు 30 డిగ్రీల వద్ద 12 రోజులు పట్టగా, 32 నుంచి 35 డిగ్రీల వద్ద 7 రోజులే సరిపోయింది. పైన చెప్పిన ఉదాహరణలో గడువు 12 నుంచి 7కు తగ్గితే వందలో 28 కాదు, 48 దోమలు వైరస్‌ను పంచే దశకు చేరతాయి. అలాగని వేడి పెరిగేకొద్దీ డెంగీ పెరుగుతూ పోదు. మరీ వేడెక్కితే, గాలిలో తేమ లేకపోతే దోమే త్వరగా చస్తుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కగట్టినవాళ్లు ఏడిస్ ఈజిప్టై ద్వారా వ్యాప్తికి అన్నిటికన్నా అనువైన ఉష్ణోగ్రత 29 డిగ్రీల దగ్గర ఉందని తేల్చారు. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండలు 44 డిగ్రీలు దాటినప్పుడు డెంగీ ఎందుకు తగ్గి ఉంటుందో, వానలు పడి వాతావరణం చల్లబడి తేమ పెరిగిన ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎందుకు విజృంభిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. వాన నీరు నిలవడం ఒక కారణమే. దోమ ఆయుష్షు పెరగడం దానికి తోడయ్యే రెండో కారణం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంతకీ దోమ వయసు ఎలా తెలుస్తుంది? సోవియట్ పరిశోధకురాలు తత్యానా దెతినోవా పేరుతో ఉన్న పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పట్టిన ఆడదోమను అద్దపు పలక మీద నీటి చుక్కలో పెట్టి, సన్నటి సూదులతో పొట్ట చివర లాగుతారు. ఆవగింజ కన్నా చిన్నవైన అండాశయాలు బయటికి వస్తాయి. వాటిని ఆరబెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. అండాశయానికి గాలి అందించే సన్నటి గొట్టాల కొసలు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ దోమ ఇంకా గుడ్లు పెట్టలేదు. ఒక్కసారి గుడ్లు పెట్టిందంటే అండాశయం ఉబ్బి ఆ చుట్టలు విడిపోతాయి, మళ్లీ ఎప్పటికీ చుట్టుకోవు. చుట్టలు విడిపోయిన దోమలు ఎక్కువగా దొరికాయంటే ఆ వాడలో దోమలు ముదురుతున్నాయన్నమాట. వైరస్‌ను మోస్తోందో లేదో చూడడానికి ఇంకో పద్ధతి ఉంది. బతికున్న దోమ కాళ్లు, రెక్కలు తీసేసి, దాని తొండాన్ని నూనె నింపిన సన్నటి గాజు గొట్టంలోకి దూరుస్తారు. అది కాసేపటికి అందులోకి ఉమ్మును వదులుతుంది. ఆ కంటికి కనపడనంత ఉమ్ములో వైరస్ ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. దోమ ఒంట్లో వైరస్ దొరికినంత మాత్రాన అది జబ్బు మోస్తున్నట్టు కాదు.

దోమ ఒక్కటే వైరస్‌ను ఊరంతా తిప్పలేదు. ఏడిస్ ఈజిప్టై పెద్దగా ఎగరదు, పుట్టిన చోటి నుంచి వంద, రెండు వందల మీటర్ల లోపే దాని బతుకంతా గడిచిపోతుంది. మరి ఒక వార్డులో మొదలైన జ్వరం పది రోజుల్లో నాలుగు కిలోమీటర్ల అవతల ఎలా తేలుతుంది? పెరూలోని ఇకీటోస్ నగరంలో డెంగీ వచ్చినవాళ్లు అంతకుముందు ఎవరెవరి ఇళ్లకు వెళ్లారో పరిశోధకులు ఆరా తీశారు. పక్కింటి దోమల కన్నా, మనుషులు పగటిపూట వెళ్లివచ్చే బంధువుల ఇళ్లు, స్నేహితుల ఇళ్లే వ్యాప్తికి అసలు దారులని తేలింది. ఈ దోమ కుట్టేది పగలే. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి రక్తంలో వైరస్ ఉంటుంది. పైగా డెంగీ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 39 కోట్ల మందికి సోకితే లక్షణాలు కనిపించేది సుమారు 9.6 కోట్ల మందిలోనేనని 2013 నాటి అంచనా. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా దోమలకు వైరస్ అంటుతుందని కంబోడియాలో చేసిన ప్రయోగాలు చూపించాయి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017-18లో 15 రాష్ట్రాల్లో రక్త నమూనాలు సేకరిస్తే 5 నుంచి 45 ఏళ్ల మధ్య వారిలో దాదాపు 49 శాతం మందికి అప్పటికే ఎప్పుడో ఒకప్పుడు డెంగీ సోకినట్టు తేలింది. దక్షిణాదిలో అది 77 శాతం. వాళ్లలో ఎందరికి తెలుసు తమకు డెంగీ వచ్చిపోయిందని? ఆస్పత్రి కేసుల లెక్క చూసి దోమల మీదికి కదిలే ఊరు ఎప్పుడూ ఆలస్యంగానే కదులుతుంది.

చికున్‌గున్యా కథ ఇంకా ఆందోళన కలిగిస్తుంది. అక్కడ వైరస్ తన గడువును తానే తగ్గించుకుంది. 1964-65 ప్రాంతంలో మద్రాసుతో పాటు విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో ఈ జ్వరం వచ్చింది. 1973లో మహారాష్ట్రలోని బార్షీలో కనిపించి, ఆ తర్వాత మూడు దశాబ్దాలు మాయమైంది. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తింది. రాయలసీమ ఊళ్లలో కీళ్ల నొప్పులతో మంచం దిగలేని మనుషులు నెలల తరబడి కూలికి పోలేకపోయారు. 2006లో దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. అప్పుడు మన దగ్గర మోసింది ఏడిస్ ఈజిప్టైయే. అదే సమయంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో పరిస్థితి వేరు. అక్కడ ఈజిప్టై తక్కువ, తోటల్లో పొదల్లో బతికే ఏడిస్ ఆల్బోపిక్టస్ ఎక్కువ. ఆ దోమలో ఈ వైరస్ అంత బాగా పెరిగేది కాదు. 2005 మొదట్లో తీసిన నమూనాల్లో లేని ఒక చిన్న మార్పు, సెప్టెంబరు దాటాక తీసిన వాటిలో 90 శాతానికి పైగా కనిపించింది. వైరస్ పైపొరలోని ఒక ప్రొటీన్‌లో 226వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారింది, అంతే. దాంతో వైరస్ ఆల్బోపిక్టస్ కడుపు గోడను సులువుగా దాటేసింది. ప్రయోగశాలలో ఈ జంటను పరీక్షిస్తే రక్తం తాగిన రెండు రోజులకే ఉమ్ములో వైరస్ కనిపించింది. రెండు రోజులంటే దాదాపు ఏ దోమకైనా దొరికే ఆయుష్షే. ఆ ద్వీపంలో మూడో వంతుకు పైగా జనం జబ్బు పడ్డారు.

2007లో అదే మార్పు ఉన్న వైరస్ కేరళలో దొరికింది. అక్కడి రబ్బరు తోటల్లో పాలు పట్టే చిప్పల్లో వాన నీరు నిలిచి ఆల్బోపిక్టస్ విపరీతంగా పెరుగుతుంది. అదే ఏడాది కేరళ నుంచి వెళ్లిన ఒక ప్రయాణికుడి ద్వారా ఇటలీలోని రావెన్నా దగ్గరి పల్లెలకు వైరస్ చేరి రెండొందల మందికి పైగా సోకింది. యూరప్ నేల మీద చికున్‌గున్యా స్థానికంగా పాకడం అదే మొదటిసారి. ఆ దోమ అంతకు ముందే పాత టైర్ల ఎగుమతుల్లో ఇటలీ చేరి కాచుకుని ఉంది. వైరస్, దోమ, మనిషి, ఈ మూడూ ఒకచోట కలవడానికి విమానం టికెట్ చాలు.

టీకాల సంగతి కూడా చెప్పుకోవాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోయినవాళ్లకు ఇంకో రకం సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. అందుకే ఒక రకానికి బాగా, ఇంకో రకానికి అరకొరగా పనిచేసే టీకా మేలు కన్నా కీడు చేయగలదు. ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకు డెంగ్‌వాక్సియా అనే టీకా ఇచ్చాక, అంతకుముందు డెంగీ రానివారికి అది ముప్పు పెంచవచ్చని తేలి 2017 చివర్లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన టీకాలు దానికన్నా మెరుగైనవే. అయినా టీకా ఒక్కదాని మీద భరోసా పెట్టుకుని దోమను వదిలేసే రోజు ఇంకా రాలేదు.

దోమ ఆయుష్షు మీదే దెబ్బ కొట్టాలన్న ఆలోచన నుంచే ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రయోగం పుట్టింది. పండ్ల ఈగలో వొల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. అందులో ఒక రకం ఈగ ఆయుష్షును సగానికి తగ్గిస్తుంది. దాన్ని ఏడిస్ ఈజిప్టైలోకి ఎక్కిస్తే ముసలి దోమలే ఉండవన్నది ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ బృందం ఆలోచన. 2009లో అది సాధించారు, దోమ ఆయుష్షు నిజంగానే సగమైంది. కానీ అంత బలహీనమైన దోమలు బయట నిలదొక్కుకోలేకపోయాయి. అదే పనిలో అనుకోని ఒక మేలు బయటపడింది. వొల్బాకియా ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగ్గా పెరగడం లేదు. దాంతో ఆయుష్షును అంతగా తగ్గించని ఇంకో రకాన్ని ఎంచుకుని 2011లో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ నగర శివార్లలో దోమలను వదిలారు. తల్లి దోమ నుంచి పిల్లలకు ఈ బ్యాక్టీరియా దానంతటదే సంక్రమిస్తుంది, పైగా అది ఉన్న మగదోమతో జతకట్టిన మామూలు ఆడదోమ గుడ్లు పొదగవు, కాబట్టి కొన్నాళ్లకు అక్కడి దోమలన్నీ దాదాపు అవే అయ్యాయి. ఇండోనేషియాలోని యోగ్యకర్తా నగరాన్ని 24 భాగాలు చేసి, చీటీ వేసినట్టు ఎంపిక చేసిన 12 భాగాల్లో వీటిని వదిలితే డెంగీ 77 శాతం, ఆస్పత్రి పాలవడం 86 శాతం తగ్గాయి. 2021లో వచ్చిన ఈ ఫలితాలు దోమల నియంత్రణలో ఇంతవరకు దొరికిన గట్టి ఆధారాల్లో ఒకటి.

మన ఊళ్లలో తిరిగే పొగ బండికి ఇలాంటి ఆధారం లేదు. ఎగిరే దోమలను చంపాలన్న ఉద్దేశం తప్పు కాదు, ముసలి దోమలు ఉండేది వాటిలోనే. లోపం ఎక్కడంటే, ఏడిస్ ఈజిప్టై వీధిలో ఉండదు. ఇంట్లో మంచాల కింద, బీరువా వెనక, వేలాడే బట్టల మడతల్లో, చీకటి మూలల్లో వాలి ఉంటుంది. వీధిలో వదిలిన పొగ తలుపు దాటి అక్కడికి చేరేది చాలా తక్కువ. పైగా పైరెత్రాయిడ్ రకం దోమల మందులకు చాలాచోట్ల దోమలు అలవాటు పడిపోయాయి. కెయిర్న్స్‌లోనే 2008-09లో డెంగీ వచ్చినప్పుడు రోగి వెళ్లిన ఇళ్లను వెతికి పట్టుకుని, లోపల దోమలు వాలే గోడల కింది భాగాలకు, చీకటి మూలలకు మందు కొట్టిన చోట వ్యాప్తి 86 నుంచి 96 శాతం దాకా తగ్గింది. ఆ పనికి మనుషులు కావాలి, ఓపిక కావాలి, రోగి ఎక్కడెక్కడ తిరిగాడో అడిగి రాసుకోవాలి. ఫొటోల్లో అది పొగలా కనిపించదు. జ్వరంతో పిల్లలు పోతున్న చోట కనిపించే పని కన్నా పనిచేసే పనికే డబ్బు పెట్టాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

గుడ్ల దగ్గర మాత్రం అందరికీ తెలిసిన సలహానే సరైనది. నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటించి పెట్టిన ఏడిస్ గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, గోళెం, డ్రమ్ము, కూలర్ లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి. వేసవిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది, నీటి పాత్రలన్నీ ఖాళీ చేసే డ్రై డే వారానికోసారి పెట్టింది అందుకే. అయితే మున్సిపల్ నీళ్లు మూడు రోజులకోసారి వచ్చే వాడలో డ్రమ్ములు ఖాళీ చేయమని ఎవరికి చెప్పగలం? అక్కడ రోజూ నీళ్లు ఇవ్వడమే దోమల నివారణ.

వొల్బాకియా దోమలు మన దగ్గరికి వస్తే పనిచేస్తాయా అన్నది ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ స్థానిక ఏడిస్ ఈజిప్టైలోకి రెండు రకాల వొల్బాకియాను ఎక్కించి దోమలను తయారు చేసినట్టు 2022లో ప్రకటించింది. ఆ రెండు రకాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. యోగ్యకర్తాలో వాడిన రకం, దోమ పిల్లలు పెరిగే నీరు పగటిపూట 37 డిగ్రీల దాకా వేడెక్కితే బాగా తగ్గిపోతుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. రెండో రకం ఆ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. కౌలాలంపూర్‌లో వాడింది ఆ రెండో రకాన్నే, అక్కడ డెంగీ దాదాపు 40 శాతం తగ్గింది. విజయవాడలో, కర్నూలులో, కరీంనగర్‌లో మేడ మీది నీడ లేని డ్రమ్ములో, వరండాలోని సిమెంటు తొట్టిలో మే నెల మధ్యాహ్నం నీరు ఎంత వేడెక్కుతుందో, రాత్రికి ఎంత చల్లారుతుందో థర్మామీటర్ పెట్టి ఏడాది పొడవునా రాసుకోవాలి. ఇక్కడ ఏ రకం దోమను వదలాలో, అసలు వదలొచ్చో లేదో తేల్చేది ఆ కొలతలే. ఖర్చు తక్కువ, ఏ ఊరి డిగ్రీ కాలేజీ జువాలజీ విభాగమైనా ఈ వేసవిలోనే మొదలుపెట్టగల పని.